ఇజ్మీర్‌లో ఆడవాళ్ల మ్యాట్నీ

రుహ్సార్ అక్క దగ్గర నేను ముప్ఫై ఏళ్లున్నాను. వేదిక మీద ఆమె వేసుకున్న ప్రతి గౌనూ నా చేతి కుట్టే. ఆమె పోయినప్పుడు రేడియోలో మూడు రోజులు ఆమె పాటలే వేశారు, పత్రికలవాళ్లు పేజీలు పేజీలు రాశారు. వాటిలో ఎక్కడా నా పేరు లేదు, ఉండాల్సిన పనీ లేదు. కానీ ఆమె బతుకులో జరిగిన ఒక తప్పు నాది. దాన్ని ఇంతవరకూ ఒక్క మనిషికే చెప్పాను. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి, దాచుకుని చేసేదేమీ లేదు.

అక్కది అఖిసార్. పొగాకు పొలాల మధ్య పుట్టింది. తెల్లవారుజామున మంచు ఆరకముందే ఆకు కోసి, పగలంతా నీడన కూర్చుని పొడుగాటి సూదులకి గుచ్చుతారు అక్కడి ఆడవాళ్లు. జిగురుకి వేళ్లు నల్లబడతాయి, నిద్ర ముంచుకొస్తుంది. నిద్రపోకుండా ఉండటానికి పాడతారు. ఆరేళ్లప్పుడే అందరికన్నా గట్టిగా ఆమే పాడేదట. గొంతు మరీ తీపి కాదు. కాస్త బొంగురు, అడుగున ఇసుక కదులుతున్న ఏటి నీళ్లలా ఉండేది. అదే జనానికి నచ్చింది.

పద్దెనిమిదో ఏట బాలికెసిర్‌లో భూముల రికార్డుల ఆఫీసు గుమాస్తా నఫీజ్‌కి ఇచ్చి చేశారు. అతను చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు. భోజనాల దగ్గర మాట్లాడితే మాత్రం గిట్టదు. రెండేళ్లకి కొడుకు పుట్టాడు. నెజాత్ అని పేరు పెట్టుకున్నారు.

పిల్లాడికి మూడేళ్లున్నప్పుడు గణతంత్ర దినం నాడు ఊళ్లో అధికారుల క్లబ్బులో విందు జరిగింది. ఎవరో పెద్దావిడ బలవంతం చేస్తే అక్క లేచి ఒక పాట పాడింది. ఇస్తాంబుల్ నుంచి వచ్చిన అగాహ్ అనే ముసలాయన ఆ రోజు అక్కడ కానూన్ వాయిస్తున్నాడు. ఒళ్లో పెట్టుకుని మీటే ఆ వాద్యం మీద ఆయన చేతులు ఆగిపోయాయట. ఏడాది తిరిగేసరికి రేడియో పరీక్షకి రమ్మని ఉత్తరం రాశాడు. వారంలో వచ్చేస్తానని భర్తని ఒప్పించి వెళ్లింది. నెగ్గింది. ఇస్తాంబుల్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు.

ఇంటికి తిరిగొచ్చి ఆ మాట చెబితే నఫీజ్ చెంచా కింద పెట్టాడు.

“వెళ్లు. కానీ వెళ్తే ఒక్కదానివే వెళ్తావు. పిల్లాడు ఇక్కడే ఉంటాడు.”

“మూడు నెలలు నఫీజ్. ఒక గది చూసుకుని కుదురుకోగానే వచ్చి తీసుకెళ్తా.”

“వాడేమన్నా తాకట్టులో ఉన్న ఉంగరమా, నీకు తీరినప్పుడొచ్చి విడిపించుకోడానికి?”

అయినా వెళ్లింది. నవంబరులో ఒక పొద్దున్న. పిల్లాడు ద్రాక్షపాకంలో రొట్టె ముంచుకు తింటున్నాడు. ఏడవలేదు. “అమ్మా, తొందరగా వచ్చెయ్. నువ్వు లేకపోతే నానమ్మ బలవంతంగా గుడ్డు తినిపిస్తుంది,” అన్నాడంతే. ఆ గుడ్డు మాట అక్క నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ముందు నవ్వేది.

మూడు నెలలకి వెళ్తే ఇంటికి తాళం ఉంది. నఫీజ్ బదిలీ చేయించుకున్నాడు. పాటగత్తెగా బతికే తల్లి దగ్గర బిడ్డని ఉంచలేమని న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. విడాకుల కాగితం మీద అక్క సంతకం పెట్టింది. పెట్టకపోయినా మారేది ఏముందని నాతో అనేది. తర్వాత తనే, “పెట్టకుండా ఉండాల్సింది,” అనేది.

నేను ఆ మరుసటి సంవత్సరం ఆమె దగ్గర చేరాను. నాకు అమ్మానాన్నల్లేరు. కుట్టుపని తప్ప ఏమీ రాదు. మొదటి రోజు నడుం కొలత తీస్తుంటే టేపు రెండుసార్లు జారింది.

“ఏంటే పిల్లా, నన్ను కొలుస్తున్నావా, గిలిగింతలు పెడుతున్నావా?”

“భయంగా ఉందండీ.”

“నాకూ భయమే. రోజూ ఉంటుంది. ఇద్దరం కలిసి భయపడదాం. ‘అండీ గిండీ’ మానేసి అక్కా అను.”

ఆ రోజు నుంచి ఆమె తప్ప నాకు ఎవరూ లేరు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను చేసింది దీనివల్లే చేశాను.

నాలుగైదేళ్లలో ఆమె పేరు తెలియని ఇల్లు లేకుండా పోయింది. రికార్డులొచ్చాయి, సినిమాలొచ్చాయి. జనం భోంచేస్తూ పాట వినే పెద్ద పెద్ద గజినోల ముందు ఆమె బొమ్మ రెండంతస్తుల ఎత్తున కట్టేవాళ్లు. టాక్సీ డ్రైవర్లు ఆమెని ఎక్కించుకుని అద్దంలో వెనక్కి చూస్తూ ముందు బండికి గుద్దేసేవాళ్లు. అక్క కొడుక్కి పంపిన పుట్టినరోజు పొట్లాలు మాత్రం చిరునామాదారు లేడని తిరిగొచ్చేవి. వాటిలోని చొక్కాల కొలతలు ప్రతి ఏడాదీ ఆమే ఊహించి నాకు చెప్పేది. నేను కుట్టేదాన్ని.

ఒకసారి నఫీజ్ కుతాహ్యాలో ఉన్నాడని తెలిసింది. తలకి గుడ్డ కట్టుకుని, పాత కోటు వేసుకుని నాతో రైలెక్కింది. బడి గేటు దగ్గర నువ్వుల సిమిత్ రొట్టెలమ్మేవాడి పక్కన నిలబడ్డాం. గంట కొట్టగానే నల్ల గౌన్లు, తెల్ల కాలర్ల పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. అక్క నా చెయ్యి పట్టుకుంది. “అడుగో,” అంది. ఎనిమిదేళ్లవాడు. స్నేహితుణ్ని తరుముకుంటూ వచ్చి ఆమె మోచేతికి తగిలాడు. “తప్పయింది పిన్నీ!” అని అరిచి, ఆగకుండా పరిగెత్తాడు.

రైల్లో ఆమె దారంతా ఆ మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఎవరు చూశారో, నఫీజ్‌కి తెలిసింది. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. అతను రాసిన ఒకే ఒక్క ఉత్తరం. “వాడికి నువ్వు చనిపోయావని చెప్పాం. ఏడాది ఏడ్చి మానేశాడు. మళ్లీ మొదలుపెట్టించకు. పత్రికల్లో వాడి ఊసెత్తకు. వాడు బడికి తలెత్తుకుని వెళ్లాలి.” అక్క రెండుసార్లు చదివి, “న్యాయంగానే రాశాడు,” అంది. ఆ తర్వాత ఏ విలేఖరి అడిగినా పిల్లల్లేరనే చెప్పింది. ఒక పత్రిక ఆ ముక్కని పెద్దక్షరాల్లో వేసింది, కింద ఆమె నవ్వుతున్న ఫొటోతో.

ఇలాగే ఇంకో పద్దెనిమిదేళ్లు గడిచాయి.

డెబ్బై రెండో సంవత్సరం ఆగస్టు. ఇజ్మీర్‌లో సంత జరుగుతోంది. ఆ నెలంతా ఇస్తాంబుల్ గాయకులు అక్కడే ఉంటారు. బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్ల మ్యాట్నీ. మగవాళ్లని లోపలికి రానివ్వరు. ఆడవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, మాంసం ఉండలు గిన్నెల్లో పెట్టుకుని వస్తారు. పాట మధ్యలో ఏడుస్తారు, ఏడుస్తూ పక్కవాళ్లకి తినిపిస్తారు. అక్కకి అన్నిటికన్నా ఆ ఆటే ఇష్టం. “మగాళ్లు నన్ను చూడ్డానికొస్తారే. వీళ్లు వినడానికొస్తారు,” అనేది.

ఆ రోజు ఆట అయిపోయాక ఆమె అద్దం ముందు కూర్చుంది. నేను వెనక నిలబడి జడలోని పిన్నులు తీస్తున్నాను. తలుపు బయట ఒక విలేఖరి, ఫొటోగ్రాఫరు కుర్చీలేసుకుని కూర్చున్నారు. తలుపు కాసే రుస్తమ్ మావయ్య తల లోపలికి పెట్టాడు.

“అమ్మాయ్, ఒక కుటుంబం వచ్చింది. ఫొటో మీద సంతకం కావాలట. పంపించేయనా?”

“చంటిదుందా?”

“ఉంది.”

“అయితే రానీ.”

లేత వయసు అమ్మాయి ఒకతె, ఆమె చెయ్యి పట్టుకుని మూడేళ్ల పాప, వాళ్ల వెనక ఇరవయ్యారేళ్ల మగమనిషి లోపలికొచ్చారు. అతను టోపీ ఏమీ లేకుండా, బూడిద రంగు సూటులో, పరీక్షకి వచ్చినవాడిలా నిలబడ్డాడు. ఆ అమ్మాయే గలగలా మాట్లాడింది.

“మాది డెనిజ్లీ అండీ. నా పేరు సెవిమ్. ఈయనే పట్టుబట్టి తీసుకొచ్చారు. ఆశ్చర్యం చూడండి, రేడియోలో మీ పాట వస్తే లేచి కట్టేసే మనిషి! అల్లుడు రుహ్సార్ పాట వస్తే రేడియో కట్టేస్తాడని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఇప్పుడేమో బయట ఎండలో రెండు గంటలు నిలబడ్డారు.”

అక్క నవ్వి, ఫొటో తీసుకుని కలం తెరిచింది. “ఎవరి పేరు మీద రాయను?”

“నెజాత్,” అన్నాడతను. “మా నాన్న పేరు నఫీజ్. భూముల రికార్డుల ఆఫీసులో చేసేవారు. ఈ ఏప్రిల్లో పోయారు.”

కలం ఆగింది. నాకు ఎదురుగా అద్దంలో ముగ్గురం కనిపిస్తున్నాం. అతని కనుబొమలు ఆమెవే. ఎడమది కాస్త పైకి లేచి ఉంటుంది. గుర్తుపట్టడానికి పేరు కూడా అక్కర్లేదు.

“దేవుడు ఆయన్ని కరుణించాలి,” అంది అక్క. ఆమె గొంతు ఎలా నిలబడిందో నాకిప్పటికీ తెలియదు. “మీ అమ్మగారు?”

“మా అమ్మ లేదండీ. నా నాలుగో ఏట పోయిందని చెప్పారు.”

ఊరికే నిలబడ్డాడు, ఆమెనే చూస్తూ. అప్పుడు అక్క అద్దంలో నా వైపు చూసింది. ఆ చూపులో అడిగింది. ముప్ఫై ఏళ్లలో ఆమె నన్ను అంతగా ఏదీ అడగలేదు.

నేను తల అడ్డంగా ఊపాను. వద్దని.

ఆమె ఫొటో మీద రాసింది. “నెజాత్ గారికి, సెవిమ్ గారికి, పాపకి, ప్రేమతో.” పాపని దగ్గరికి పిలిచి, చెదిరిన జుట్టు దువ్వి, నా చేతిలోంచి రెండు పిన్నులు తీసుకుని పెట్టింది. పాప పేరు అడిగింది. ఎలిఫ్ అని చెప్పింది పాప.

“అన్నం తింటావా ఎలిఫ్?”

“తినను.”

“తినకపోతే ఎలా? గుడ్డు తింటావా?”

“గుడ్డు ఛీ!”

అక్క నవ్వింది. సెవిమ్ కూడా నవ్వింది. అతను నవ్వలేదు. “సెలవండీ,” అని తలుపు తీశాడు. ఫొటోగ్రాఫరు వాళ్లకి దారిచ్చాడు.

విలేఖరిని ఏదో చెప్పి పంపేశాను. తలుపు మూశాక అక్క కలానికి మూత పెట్టి మెల్లిగా అడిగింది.

“ఎందుకొద్దన్నావే?”

“ఆ అమ్మాయి ముందా అక్కా? బయట కెమెరా పెట్టుకుని కూర్చున్నవాళ్ల ముందా? చచ్చిపోయిందనుకున్న తల్లి పౌడరు పూసుకుని లేచొస్తే అతని బతుకేం కాను? రేపు పొద్దున్నే పేపర్లో వేస్తారు. నాన్న అబద్ధం చెప్పాడని ఆ పిల్లాడికి తెలియాలా?”

“నిజమే,” అంది. “మంచి పని చేశావు.”

నేను చెప్పిన ప్రతి కారణమూ నిజమే. కానీ తల ఊపిన క్షణంలో నా మనసులో అవేవీ లేవు. కొడుకొచ్చాడు, కోడలొచ్చింది, మనవరాలొచ్చింది, ఇక నేనెందుకు అన్న భయం ఒక్కటే ఉంది. కుట్టుమనిషి కుట్టుమనిషే అయిపోతుందని. ఇది ఒప్పుకోవడానికి నాకే తొమ్మిదేళ్లు పట్టింది.

ఆ తర్వాత ఆమె ఏటా ఇజ్మీర్ వెళ్లింది. ఒంట్లో బాగోకపోయినా బుధవారం మ్యాట్నీ మానలేదు. ఆట అయ్యాక రుస్తమ్ మావయ్యని అడిగేది, “ఎవరన్నా వచ్చారా?” అని. చాలామంది వచ్చేవాళ్లు. ఆమె అడిగింది వాళ్ల గురించి కాదని మావయ్యకి తెలియదు. నాకు తెలుసు. ఉత్తరం రాద్దామా అని నోటిదాకా వచ్చేది. ఆ మాట అంటే నా తప్పంతా బయటపడుతుందని మింగేసేదాన్ని.

ఎనభైలో గొంతులో గడ్డ కనిపించింది. శస్త్రచికిత్స చేస్తే ప్రాణం దక్కవచ్చు, గొంతు దక్కదన్నాడు డాక్టరు. “కోసేయండి. అది నాకు చేసిన మేలేంటి గనక,” అంది. కోశారు. ప్రాణం కూడా ఏడాదికి మించి దక్కలేదు. చివరి నెలల్లో పలక మీద రాసి మాట్లాడేది. పోయే వారం ముందు ఒక పొద్దున్న రాసింది. “ఎలిఫ్‌కి పన్నెండేళ్లు వచ్చుంటాయి.” చదివి నేను తలూపాను. ఈసారి నిలువుగా. ఆమె గుడ్డతో పలక తుడిచేసింది.

మార్చిలో పోయింది. జనానికి వీధులు చాలలేదు. నేను ఆ గుంపులో బూడిద రంగు సూటు కోసం వెతికాను. కనపడలేదు.

నలభయ్యో రోజు ప్రార్థనలయ్యాక డెనిజ్లీ బస్సెక్కాను. నఫీజ్ కొడుకు నెజాత్ అని నలుగురిని అడిగితే, మందుల దుకాణం నడుపుతాడని చెప్పి దారి చూపించారు. పన్నెండు కొట్టింది, దుకాణంలో ఒక ముసలాయన దగ్గు మందు తీసుకుంటున్నాడు. ఆయన వెళ్లేదాకా ఒక మూల నిలబడ్డాను. నెజాత్ నా వైపు తిరిగాడు. జుట్టు పల్చబడింది. కనుబొమ అలాగే ఉంది.

“నా పేరు బెహిజే, నాయనా. నేను రుహ్సార్ గారి...”

“తెలుసు. అద్దంలో ఆమె వెనక నిలబడింది మీరే.”

అతనే కుర్చీ జరిపాడు.

“నీకో సంగతి చెప్పాలని వచ్చాను. మీ అమ్మ...”

“మా అమ్మ ఎవరో నాకు పదహారో ఏట నుంచి తెలుసండీ. మా మేనత్త నోరు జారింది. అదే ఏడాది పేపర్లో చూశాను, తనకి పిల్లల్లేరని. అయినా నాన్న బతికున్నంతకాలం ఆయన్ని బాధపెట్టకూడదని ఆగాను. ఆయన పోయాక నాలుగు నెలలకి వచ్చాను. నా పేరు చెప్పాను. నాన్న పేరు చెప్పాను. ఉద్యోగం చెప్పాను. ఇంకేం చెప్పను? పెళ్లాం పక్కనుంది, బయట పేపరువాళ్లున్నారు. ఆమె ఒక్క మాట అంటే చాలనుకున్నాను. ‘రేపు రా నాయనా’ అన్నా చాలు.”

“ఆమె అందామనే అనుకుంది.”

“మీరు తల ఊపడం నేను చూశాను. ఆమె మీ వైపు చూడటమూ చూశాను. గుర్తుపట్టిందని అప్పుడే అర్థమైంది. గుర్తుపట్టి కూడా సంతకం పెట్టింది. తొమ్మిదేళ్లు నేను అదే అనుకుంటూ ఉన్నాను. ముందుగానే ఇద్దరూ మాట్లాడుకుని పెట్టుకున్న సైగ అనుకున్నాను, ఎవడన్నా కొడుకునంటూ వస్తే ఏం చెయ్యాలో.”

“లేదు నాయనా. సైగ లేదు, ఏమీ లేదు. ఆమె నన్ను అడిగింది. నేను వద్దన్నాను. నేను, నా అంతట నేను.”

“ఎందుకు?”

కారణాలన్నీ చెప్పొచ్చు. పేపర్లు, కెమెరా, సెవిమ్. చెప్పలేదు. “నిన్ను చూస్తే నా చోటు పోతుందనిపించింది,” అన్నాను.

అతను లేచి దుకాణం తలుపుకి తాళం వేసి వచ్చాడు. లోపలికెళ్లి రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు. నా గ్లాసు నా ముందు పెట్టి, అప్పుడన్నాడు. “మిమ్మల్ని క్షమించానని నా నోటితో అనిపించకండి. నావల్ల కాదు.”

“అడగను.”

“అయితే చెప్పండి.”

“ఏం?”

“అన్నీ. ఏం తినేది, ఎలా పడుకునేది, కోపం వస్తే ఏం చేసేది. పేపర్లో లేనివి.”

చెప్పాను. వంకాయంటే పడి చచ్చేదని, చేతులు గడ్డం కింద పెట్టుకుని పడుకునేదని, కోపమొస్తే ఇల్లంతా తనే కడిగేదని. కుతాహ్యా బడి గేటు సంగతి చెప్పాను. మోచెయ్యి సంగతి చెప్పాను. “నాకు గుర్తులేదు,” అన్నాడు. “చాలామందిని గుద్దేవాణ్ని.” ఏటా పుట్టినరోజుకి నేను కుట్టిన చొక్కాల గురించి చెప్పాను. ఎనిమిదో ఏడుకి ఎంత కొలత అనుకుందని అడిగాడు. చెప్పాను. “పెద్దదయ్యేది,” అన్నాడు. “నేను బక్కగా ఉండేవాణ్ని.”

సాయంత్రం బస్‌స్టాండుకి తనే తీసుకెళ్లాడు. ఇంటికి రమ్మని అనలేదు. సెవిమ్‌కి ఇంకా ఏమీ తెలియదన్నాడు. చెబుతాడో లేదో నేనడగలేదు. బస్సు మెట్ల దగ్గర నా సంచి అందించి, దాన్ని వదలకుండా పట్టుకునే ఉన్నాడు.

“నా పేరు ఎప్పుడన్నా అనేదా?”

“మొదట్లో అనేది. చొక్కాలు మడతపెట్టేటప్పుడు. తర్వాత్తర్వాత మానేసింది.”

“ఎలా అనేది? నెజాత్ అనా?”

“కాదు. వేరేగా.”

“ఒకసారి అనండి. ఆమె ఎలా అనేదో అలాగే.”

డ్రైవరు హారన్ కొడుతున్నాడు. జనం నన్ను తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఎవరి గొంతూ నా గొంతులోకి రాదు, అందులో ఆమెది అసలు రాదు. అయినా అన్నాను. “నెజోష్. నా గొర్రెపిల్లా.”

అతను తల వంచుకుని విన్నాడు. “సరే,” అన్నాడు. సంచి వదిలాడు.

బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూశాను. అతను అక్కడే నిలబడి ఉన్నాడు. తర్వాత నేను రాసిన రెండు ఉత్తరాలకి జవాబు రాలేదు. మూడోది రాయలేదు.